మగబిడ్డ ఒకడుండుంటే: పాలమూరు సంస్థానాల వారసత్వ ప్రశ్న

గద్వాల కోట గురించి మాట మొదలైతే ఎవరో ఒకరు ఈ మాట అంటారు: రాజు సీతారామ భూపాలుడికి ఒక్క కొడుకు ఉండుంటే కథ వేరేగా ఉండేదని. వనపర్తి వాళ్ళు ఈ మాట అనరు, వాళ్ళ రాజుకు వారసుడున్నాడు కాబట్టి. కొల్లాపురంలో అయితే చర్చ మరో దారి పడుతుంది. అక్కడికి రాజు వెంకటగిరి నుంచి దత్తత వచ్చాడు. కృష్ణకు అటూ ఇటూ, పక్కపక్కనే ఉన్న మూడు సంస్థానాలు వారసత్వ ప్రశ్నకు మూడు వేర్వేరు జవాబులు చెప్పాయి. ముగింపు మాత్రం మూడింటికీ ఒక్కటే. 'ఒకవేళ' అని మొదలయ్యే చరిత్రను సాధారణంగా ఊహకు వదిలేస్తాం. ఇక్కడ ఆ అవసరం లేదు, చరిత్రే ప్రయోగం చేసి చూపించింది.

హైదరాబాదు రాజ్యంలో పద్నాలుగు సంస్థానాలని లెక్క. వాటిలో గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు, అమరచింత, గోపాలపేట నేటి పాలమూరు నేలలోనివే. ఇవి జాగీర్లలాంటివి కావు. జాగీరు నిజాం ఇస్తే వచ్చింది. సంస్థానం నిజాం రాకముందు నుంచీ ఉన్నది, పేష్కష్ అనే కప్పం కడుతూ మిగిలినది. గద్వాలే వీటిలో పెద్దది: 864 చదరపు మైళ్ళు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లక్షకు కాస్త తక్కువ జనం, మూడు లక్షల రాబడి, అందులోంచి ఏటా ఎనభై ఆరు వేల పైచిలుకు నిజాముకు. సోమనాద్రి కట్టిన కోట, సొంత సేన, ఒకప్పుడు సొంత నాణెం. ఇంతటి ఇంటికి కొడుకు లేకపోవడం ఇంటి విషయంగా మిగలదు కదా.

అయితే కొడుకు లేకపోవడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. గద్వాల వంశావళి తిరగేస్తే పద్దెనిమిదో శతాబ్దం నుంచే రాణుల పేర్లు కనిపిస్తాయి. సోమనాద్రి తర్వాత ఏలినవారిలో లింగమ్మ ఒకరు. ఆ తర్వాత కూడా భర్త పోయిన రాణి గద్దె మీద కూర్చోవడం, దత్తు తెచ్చుకోవడం, మళ్ళీ రాజు రావడం చాలాసార్లు జరిగింది. వనపర్తిలో మొదటి రాజా రామేశ్వరరావు 1866లో పోయాక రాణి శంకరమ్మ దత్తత తీసుకుంది. అలా వచ్చినవాడే రెండో రామేశ్వరరావు, 1922 దాకా వనపర్తికి రాజు ఆయనే. నిజాం పాలన ఆఖరి రోజుల్లో అమరచింతను ఏలింది కూడా రాణి భాగ్యలక్ష్మమ్మే. కాబట్టి 'మగ దిక్కు లేక వంశం ఆగింది' అనే మాట ఈ నేలకు అతకదు. ఇక్కడ వంశాన్ని నిలబెట్టింది చాలాసార్లు కడుపున పుట్టిన కొడుకు కాదు, భర్త పోయిన భార్య.

శాస్త్రం కూడా ఆమెకు దారి ఇచ్చింది. భర్త అనుమతి ఉంటే భార్య దత్తత తీసుకోవచ్చన్నది పాత మాట. అనుమతి లేకపోతే? మద్రాసు వైపు ఈ ప్రశ్న రామనాథపురం సేతుపతుల ఇంట్లో పుట్టి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. దాయాదుల సమ్మతి ఉంటే చాలునని 1868లో తీర్పు వచ్చింది. నిజాం ఇలాకాలో బ్రిటిష్ కోర్టుల మాటకు అధికారం లేకపోయినా, ధర్మశాస్త్రం రెండు వైపులా ఒక్కటే. అసలు తేడా ఎక్కడంటే ఇక్కడ దత్తత శాస్త్రంతో ముగియదు. నజరానా కట్టాలి, సనదు రావాలి, నిజాం ఒప్పుకోవాలి. పురోహితుడు హోమం చేయించిన నాడు కొడుకవుతాడు, హైదరాబాదు నుంచి కాగితం వచ్చిన నాడు రాజవుతాడు. ఆ రెండు రోజుల మధ్య ఎంత కాలం పడుతుందన్నదే అసలు రాజకీయం.

సంస్థానాల మీద పనిచేసినవారిలో అమెరికా చరిత్రకారుడు బెంజమిన్ కోహెన్ ముఖ్యుడు. 1850 నుంచి 1948 దాకా దక్కను సంస్థానాల రాచరికం మీద 2007లో పుస్తకం తెచ్చాడు. సంస్థానాలను ఆయన పెద్ద జమీందారీలుగా కాక రాచరికాలుగానే చూశాడు. హోదా కోసం, సరిహద్దుల కోసం, వారసత్వం కోసం వాళ్ళు హైదరాబాదు దివాణంతోనూ, రెసిడెన్సీతోనూ, తమలో తామూ ఎలా పెనుగులాడారో చూపించాడు. ఆ చూపు సరైనదే అనుకుంటాను. అయితే స్థానికంగా రాసిన చరిత్రల్లో, సన్మాన సంచికల్లో మరో ధోరణి ఉంది. అక్కడ ప్రతి రాణీ 'రాజు లేని లోటు' తీర్చినదిగా కనిపిస్తుంది. పదే పదే జరిగేదాన్ని లోటు అనడం నాకు పొసగదు, అది అక్కడి పద్ధతి.

ఈ వాదనకు గట్టి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. డల్హౌసీ కాలంలో సతారా 1848లో పోయింది, ఝాన్సీ, నాగపూర్ 1854లో పోయాయి. మూడు చోట్లా కారణం కడుపున పుట్టిన కొడుకు లేకపోవడమే. దత్తతను కంపెనీ ఒప్పుకోలేదు. గంగాధరరావు కొడుకు బతికుంటే ఝాన్సీ కథ వేరు, ఇది ఊహ కాదు. అటువంటప్పుడు గద్వాలకు మాత్రం కొడుకు అక్కరలేదని ఎలా అంటాం? జవాబు ఆ ఏళ్ళలోనే ఉంది. 1853 ఒప్పందంతో నిజాం బెరారును, రాయచూరు దోఆబును కంపెనీకి అప్పగించాడు. గద్వాల ఉన్న నడిగడ్డ కృష్ణా తుంగభద్రల మధ్య నేల, దోఆబులో భాగం. అంటే డల్హౌసీ సిద్ధాంతం ఊపు మీదున్న రోజుల్లో కంపెనీ నీడ గద్వాల గుమ్మం దాకా వచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత కంపెనీయే పోయింది. 1860లో దోఆబు నిజాంకు తిరిగొచ్చింది. ఆ ఏళ్ళలోనే బ్రిటిష్ ప్రభుత్వం దేశంలోని రాజులకు దత్తత హక్కు ఇస్తూ సనదులు పంచింది. నా లెక్కలో ఈ ప్రాంతంలో మగ వారసుడు నిజంగా నిర్ణాయకం కాగలిగిన కాలం ఆ ఏడేళ్ళే. అవి గడిచిపోయాయి.

అదే దోఆబు వైపున్న సురపురం మాట ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడి రాజు వెంకటప్ప నాయకుడు పసితనంలోనే గద్దెకు వారసుడు, మెడోస్ టేలర్ పర్యవేక్షణలో పెరిగాడు. 1858లో తిరగబడ్డాడు, ప్రాణం పోయింది, సంస్థానమూ పోయింది. వారసుడు బతికున్నంత మాత్రాన రాజ్యం బతుకుతుందనుకునేవాళ్ళు సురపురం దాకా వెళ్ళి రావాలి.

ఇక 1924. గద్వాల సీతారామ భూపాలుడు పోయాడు, కొడుకులు లేరు, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ మిగిలింది. సంస్థానం తన చేతికి రావడానికి ఆమె నిజాం ప్రభుత్వంతో పోరాడాల్సి వచ్చింది, బ్రిటిష్ వారి దాకా మొర పెట్టుకుంది. చివరికి గెలిచి 1949 దాకా, అంటే పాతికేళ్ళు ఏలింది. ఇప్పుడు 'ఒకవేళ' వేద్దాం. ఆమెకు కొడుకు ఉండుంటే, ఆ నాటికి చిన్నవాడే అయ్యుండే అవకాశం ఎక్కువ. మైనరు రాజు ఉన్న సంస్థానం ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. వనపర్తి పక్కనే ఉంది.

వనపర్తిలో సరిగ్గా ఆ రోజుల్లోనే అది జరిగింది. రెండో రామేశ్వరరావు 1922లో పోయాడు. కొడుకు కృష్ణదేవరావు కూడా ఎక్కువ కాలం బతకలేదు. మిగిలింది 1923లో పుట్టిన మనవడు, మూడో రామేశ్వరరావు. నిఖార్సయిన మగ వారసుడు. ఫలితం ఏమిటి? వాడు పసిబిడ్డ కాబట్టి సంస్థానం, మైనరు వారసుల ఆస్తులను చూసే కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి పోయింది. వాడి చిన్నాన్న కూడా మగవాడే కాబట్టి వారసత్వం, వాటాల తగాదా హైదరాబాదుకు ఎక్కింది. పెద్ద కొడుకుకే గద్దె అనే ఇంట్లో రెండో మగవాడు వారసుడు కాడు, ప్రత్యర్థి. పిల్లవాడు పెరిగి పెద్దవాడయ్యేసరికి సంస్థానానికి మిగిలిన ఆయువు ఏళ్ళ లెక్కే.

గద్వాలలో కొడుకు లేడు, రాణి పాతికేళ్ళు తానే ఏలింది. వనపర్తిలో కొడుకు ఉన్నాడు, ఆ కాలంలో ఎక్కువ భాగం అధికారులు ఏలారు. ఈ విషయం పట్టించుకోకుండా 'మగబిడ్డ ఉంటే' అని నిట్టూర్చడం నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. ఆదిలక్ష్మీదేవమ్మ కాలంలోనే గద్వాల పండితసభలు మెరిశాయి, విద్వద్గద్వాల అన్న పేరు నిలిచింది, చేనేతకు ఆదరణ దొరికింది. నూలు చీరకు పట్టు కొంగు కలిపే గద్వాల నేత ఇవాళ్టికీ ఆమె పేరు చెప్పుకుంటుంది. కోటలోనే ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలకూ ఆమె పేరే. మైనరు కొడుకు ఉండుంటే ఆ స్థానంలో దివాణం పంపిన అధికారి ఉండేవాడు. కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అధికారికి పండితుల వార్షికాలు ఖర్చు పద్దులో కోత పెట్టడానికి వీలైన మొదటి పేజీ.

కొల్లాపురం దారి వేరని చెప్పాను. జటప్రోలు సురభి వారికి వారసుడు కావలసినప్పుడు వాళ్ళు కృష్ణ దాటి, నిజాం సరిహద్దూ దాటి, బ్రిటిష్ ఇలాకాలోని వెంకటగిరి నుంచి అబ్బాయిని తెచ్చుకున్నారు. ఆయనే వెంకట లక్ష్మారావు. వెంకటగిరి వెలుగోటి వారు ఆ తరంలో కొడుకులకు కొరత లేని ఇల్లు. ఆయన అన్నదమ్ముల్లో ఒకరు బొబ్బిలికి, ఒకరు పిఠాపురానికి దత్తత వెళ్ళారు. పద్మనాయకుల రాచ ఇళ్ళన్నీ ఒకే అంగడి నుంచి కొడుకులను తెచ్చుకున్నట్టుంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టిన పిల్లవాడు రాత్రికి రాత్రి నిజాం సామంతుడైపోయాడు, కొల్లాపురం అతన్ని రాజుగా ఒప్పుకుంది. రక్తం కంటే కులం, కులం కంటే సనదు.

ఆ అన్నదమ్ముల్లో పిఠాపురం వెళ్ళినవాడి కథ మన ప్రశ్నకు అద్దం పడుతుంది. అక్కడి రాజు గంగాధర రామారావు 1873లో అతన్ని దత్తత తీసుకున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1885లో, రాజుకు కొడుకుగా సూర్యారావు పుట్టాడు. 1890లో రాజు పోతూ ఆస్తి అంతా సూర్యారావుకే రాసిపెట్టాడు. దత్తుడు కోర్టుకెక్కాడు. ప్రీవీ కౌన్సిల్ 1899లో దత్తుడి వాదన కొట్టేసింది, జమీని వీలునామాతో రాసిచ్చే హక్కు జమీందారుకు ఉందని తేల్చింది. సూర్యారాయాంధ్ర నిఘంటువు ఎవరి పేరు మోస్తుందో ఆ సూర్యారావే గెలిచినవాడు. తెలుగు నిఘంటువుకు మేలు జరిగింది, నిజమే. కానీ కడుపున మగ వారసుడు పుట్టడమే ఆ ఇంట్లో తుఫాను. సంస్థానాల్లో వారసుడు లేకపోవడం ఒక సమస్య. ఇద్దరుండటం అంతకంటే పెద్ద సమస్య.

దేశం బయట చూస్తే ఈ ప్రశ్నకు అన్నిటికంటే పదునైన ఉదాహరణ ఫ్రాన్సుది. 1820 ఫిబ్రవరిలో బెర్రీ ప్రభువును పొడిచి చంపారు. బూర్బన్ వంశం ఆగిందనుకున్నారు. ఆయన భార్య అప్పటికే గర్భవతి. సెప్టెంబరులో కొడుకు పుట్టాడు, అద్భుత శిశువన్నారు. ఆ షాంబోర్ ప్రభువు 1873లో రాజయ్యే దాకా వచ్చాడు, పార్లమెంటులో బలమూ ఉంది. మూడు రంగుల జెండా వద్దు, తాతల నాటి తెల్ల జెండాయే కావాలన్నాడు. రాచరికం అక్కడే ఆగింది. వంశాన్ని కాపాడటానికి పుట్టినవాడే దాన్ని ముంచాడు. మైసూరుది దీనికి తలకిందుల కథ. అక్కడ మూడో కృష్ణరాజ ఒడయార్ 1865లో దత్తత తీసుకున్న పిల్లవాడికే 1881లో బ్రిటిష్ వారు రాజ్యం తిరిగి ఇచ్చారు. కడుపున పుట్టిన వారసుడు లేని ఇంటికి పోయిన రాజ్యం తిరిగొచ్చింది.

హైదరాబాదు మాట ఎత్తకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. ఏడో నిజాంకు కొడుకుల కొరత లేదు. అయినా పెద్ద కొడుకు ఆజం జా బతికుండగానే ఆయనను పక్కన పెట్టి మనవడు ముకర్రం జాను వారసుడిగా ఎంచుకున్నాడు. 1967లో ఉస్మాన్ అలీఖాన్ పోయాక కేంద్రం ఆ మనవడినే గుర్తించింది. నాలుగేళ్ళకు, 1971లో, 26వ రాజ్యాంగ సవరణ రాజుల గుర్తింపునూ భరణాలనూ రద్దు చేసింది. ముకర్రం జా 2023 దాకా బతికాడు. సామంతులను గుర్తించే అధికారం ఉన్న వంశమే, బతికున్న వారసుడితో సహా, కాగితం మీద లేకుండా పోయింది.

ఇక 1949. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో ముగిసింది. మరుసటి ఏడు, నిజాం ఫర్మానా ఇచ్చిన అధికారంతో మిలిటరీ గవర్నర్ జె.ఎన్. చౌధురి జాగీర్ల రద్దు రెగ్యులేషన్ తెచ్చాడు. ఆగస్టు 15న అది అమల్లోకి వచ్చింది. అందులో జాగీరు అంటే ఏమిటో చెప్పే చోట పాయిగాల పక్కన, మక్తాల పక్కన, అగ్రహారాల పక్కన సంస్థానం అనే మాట కూడా చేర్చారు. నిజాం రాకముందు నుంచీ ఉన్నామని శతాబ్దాలుగా చెప్పుకున్న ఇళ్ళు ఒక నిర్వచనంతో నిజాం ఇచ్చిన జాగీర్ల వరుసలో కూర్చున్నాయి. గద్వాలలో వితంతు రాణి, వనపర్తిలో ఇరవై ఆరేళ్ళ మగ వారసుడు, అమరచింతలో మరో రాణి. రెగ్యులేషన్ ఎవరినీ వేరుగా చూడలేదు. పైగా వీళ్ళు భారత ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న రాజులు కారు, హైదరాబాదు లోపలి సామంతులు. అందుకే రాజభరణాలు లేవు, 1970లో మాధవరావు సింధియా సుప్రీంకోర్టులో గెలిచిన కేసుతో వీళ్ళకు పనిలేదు. వచ్చింది పరిహారం, అదీ వాయిదాల మీద.

కొందరు ఇంకాస్త ముందుకు పోయి, మొదటి రామేశ్వరరావుకు ఎదిగిన కొడుకు ఉండుంటే వనపర్తి ఒక సైనిక శక్తిగా నిలిచేదంటారు. ఆయన దగ్గర ఆఫ్రికా మూలాల సిద్దీ సైనికులు ఉండేవారు, వాళ్ళు తర్వాత నిజాం సేనలో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయ్యారు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే బస్తీకి ఆ పేరు అలా వచ్చిందే. ఆకర్షణీయమైన ఊహ. కానీ 1857 తర్వాత ఏ సామంతుడికీ పెద్ద సొంత సేన ఉంచుకునే వీలు బ్రిటిష్ వారూ ఇవ్వలేదు, నిజామూ ఇవ్వలేదు. నాణేలూ సుంకాలూ కోర్టులూ ఒకటొకటిగా హైదరాబాదు లాక్కుంది. ఎదిగిన కొడుకు కూడా అదే వరుసలో చేయి చాచి నిలబడేవాడు.

నిజానికి ఈ సంస్థానాలకు ముగింపు కోరినవాళ్ళు బయటివాళ్ళు కారు. ఇటికాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గద్వాల నేలమీది మనిషి. 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడయ్యాడు, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. సంస్థానాల ఆదరణలో బతికిన పండితులకు ఆ సంచికలో చోటిచ్చినవాడే, ఆ సంస్థానాల వ్యవస్థ పోవాలన్న ఉద్యమానికీ గొంతు ఇచ్చాడు. ఈ వైపు నుంచే వచ్చిన బూర్గుల రామకృష్ణారావు 1950లో రెవెన్యూ మంత్రి, 1952లో ముఖ్యమంత్రి. రైతు కౌలు హక్కుల చట్టం ఆ కాలానిదే. 1952 ఎన్నికల్లో వనపర్తి జనం శాసనసభకు పంపింది ప్రతాపరెడ్డినే. వారసుడు బతికే ఉన్నాడు, ఊరు మాత్రం తన ప్రతినిధిని ఓటు పెట్టె ద్వారా ఎన్నుకుంది.

అయితే వారసుడు ఉండటం అసలు ఏ తేడా తేలేదంటే అబద్ధమవుతుంది. తేడా 1949కి ముందు కాదు, తర్వాత కనిపిస్తుంది. మూడో రామేశ్వరరావు ఆఫ్రికాలో దౌత్య పదవులు చేశాడు, 1957 నుంచి రెండు దశాబ్దాల పాటు పాలమూరు నుంచి లోక్‌సభకు వెళ్ళాడు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపాడు. వనపర్తి రాజమహలు పాలిటెక్నిక్ అయింది, దానికి తండ్రి కృష్ణదేవరావు పేరు. చదువుకున్న, తెలివైన, ప్రజాస్వామ్యాన్ని ఒప్పుకున్న వారసుడు ఒక ఇంటికి రాజ్యం పోయాక ఏమివ్వగలడో వనపర్తి చూపింది. ఓటుతో వచ్చిన పదవి అది, గద్దె కాదు. 'మగబిడ్డ ఉంటే' అనేవాళ్ళ మనసులో ఉన్నది బహుశా ఇదే: రాజ్యం కాదు, ఇల్లు చెదరకుండా ఉండటం, పేరు చెప్పుకునే మనిషి ఉండటం.

ఇంకో 'ఒకవేళ' ఉంది, ఇది ఎవరూ వేయరు. దత్తతను నిజాం ఒప్పుకోకపోతే ఏమయ్యేది? దానికీ నమూనా పక్కనే ఉంది, నాగర్‌కర్నూలు. అది ఏ రాజవంశానికీ రాజధాని కాదు, నేరుగా హైదరాబాదు దివాణం కింద నడిచిన ఊరు. ఒకప్పుడు జిల్లా కేంద్రం కూడా, తర్వాత ఆ హోదా పాలమూరుకు పోయింది. వారసుడు లేక గద్వాలను నిజాం కలిపేసుకుని ఉంటే అదీ అలాంటి తాలూకా కచేరీ ఊరే అయ్యేది: తహసీల్దారు, పట్వారీ, శిస్తు. పండితసభలుండేవి కావు, రాణివారి నేతగాళ్ళుండేవారు కారు. రైతు కట్టే శిస్తులో మాత్రం తేడా ఎంతుండేదో గద్వాల రాణిని పొగిడే వ్యాసాలు లెక్కకట్టవు.

1956లో గద్వాల, ఆలంపురం తాలూకాలు రాయచూరు నుంచి విడిపోయి పాలమూరు జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబరు 11న ఆ జిల్లాను మళ్ళీ విడదీశారు. ముసాయిదాలో గద్వాల జిల్లా లేదు. బందులు, ధర్నాలు జరిగాక చివరి జాబితాలో జోగులాంబ పేరుతో చేరింది. వనపర్తి కూడా జిల్లా అయింది. దత్తపుత్రుల వరుసతో ఆఖరు దాకా రాజులను నిలుపుకున్న కొల్లాపురం మాత్రం, రాజులే లేని నాగర్‌కర్నూలు జిల్లాలో ఒక మండల కేంద్రం.